రాబందు వాంగ్మూలం

మిత్రులొకరు ఆ మధ్య ఒక మాటన్నారు. పేవ్‌మెంటు మీద ఇరవై రూపాయలకు కొన్న పుస్తకాన్ని అంతర్జాలంలో వేలానికి పెట్టి నాలుగువందలకు అమ్ముకునేవాళ్ళు సాహిత్యం మీద వాలిన రాబందులట. అక్కడున్నవాళ్ళంతా తలలూపారు. నేను ఊపలేదు. 2005 నుంచి ఒక పుష్కరకాలం పాటు, ఉద్యోగం చేసుకుంటూనే, అమీర్‌పేట, పంజగుట్ట సందుల్లో పాత తెలుగు పుస్తకాలు ఏరి ఆన్‌లైన్ వేలంలో అమ్మిన రాబందుని నేను. కనుక ఇది నా వాంగ్మూలం. తీర్పు చివర చెబుదురుగాని, ముందు వినండి.

అప్పట్లో నా గది అమీర్‌పేటలో, సత్యం థియేటర్ వెనక సందులో. ఆ థియేటర్ ఇప్పుడు లేదు. ఆ చోట 2023లో మల్టీప్లెక్సు వెలిసింది. మైత్రీవనం నుంచి గదికి నడిచేలోగా చేతిలో పాతిక కరపత్రాలు పడేవి. జావా, ఒరాకిల్, శాప్. వాటి మధ్య ఒకనాడు "ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో అమ్మండి, వేలు సంపాదించండి" అన్న కాగితం కనిపించింది. అయిదువందలు కట్టి ఆదివారమంతా కూర్చున్నాను. ఖాతా తెరవడం, ఫొటో తీయడం, ప్రారంభ ధర పెట్టడం, డబ్బు రాబట్టడం, అన్నీ చెప్పారు. సాయంత్రం నల్గొండ నుంచి వచ్చిన ఒక కుర్రాడు లేచి అడిగాడు: "సార్, సరుకు యాడ దొరుకుతది?" బోధకుడు నవ్వి, "మీ ఇంటి అటక మీద చూడు బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు అక్కడ వినిపించిన తెలివైన మాట ఆ కుర్రాడి ప్రశ్న ఒక్కటే. అటక ఒక్కసారే ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఏమిటన్న దానికి ఆ క్లాసులో జవాబు లేదు, ఈనాటి వీడియో పాఠాల్లోనూ లేదు.

ఆన్‌లైన్ వేలాలకు ఒక పుట్టుక కథ ఉంది. 1995లో పియరీ ఒమిడ్యార్ తన కొత్త వేలం సైటులో పాడైపోయిన లేజర్ పాయింటర్ పెడితే పద్నాలుగు డాలర్ల ఎనభైమూడు సెంట్లకు పోయింది. ఆ సైటే తర్వాత ఇబే అయింది. మన దేశంలో 2000లో బాజీ డాట్ కామ్ వచ్చింది, 2004లో దాన్ని ఇబే కొనేసింది. ఆ లేజర్ కథ విని "ఏదైనా అమ్ముడుపోతుంది" అని నీతి తీసినవాళ్ళే ఎక్కువ. నాకు తెలిసిన నీతి వేరు. పాడైన లేజర్ కావాలనుకునే మనిషి ఎక్కడో ఒకడుండాలి. అది వేలం కావాలంటే అలాంటివాళ్ళు ఇద్దరుండాలి. తెలుగు పుస్తకానికి ఆ రెండోవాడు తరచు దొరకడు. ఆంధ్రపత్రిక ఉగాది సంచిక ఒకటి రూపాయి ప్రారంభ ధరతో పెట్టి, పదకొండు రూపాయలకు పోగొట్టుకున్నాను. దాన్ని పంపడానికి అయిన తపాలా ఖర్చు ముప్ఫై పైచిలుకు.

ఇక సరుకు సంగతి. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ పేవ్‌మెంట్లు, మూటలు విప్పుతుండగానే. అక్కణ్ణుంచి ఎర్రగడ్డ సంత. వీలు చిక్కితే జుమ్మేరాత్ బజార్. మామూలు రోజుల్లో ఆఫీసు నుంచి వస్తూ పాత పేపర్ల కొట్లు. ఈ కొట్లలోనే రెండు పేటల తేడా తెలిసింది. అమీర్‌పేట చిత్తుకాగితం పిల్లల హాస్టళ్ళది. కోర్సు ముగియగానే గది ఖాళీ చేసి జెరాక్సు నోట్సు కట్టలు కట్టలుగా కాటా మీద పడేసి పోతారు. నిరుటి సాఫ్ట్‌వేర్ పుస్తకమంత నిరుపయోగమైన కాగితం ప్రపంచంలో మరొకటి లేదు. పంజగుట్ట చిత్తుకాగితం ఇళ్ళది. ద్వారకాపురి, నాగార్జున హిల్స్ వంటి చోట్ల పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు లేపే ముందు, పెద్దాయన బీరువా బయటికి వస్తుంది. భారతి సంచికలు, ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, బైండు చేయించిన సీరియళ్ళు వస్తాయి. కొట్టువాడి దగ్గర అవి ఉండేది నాలుగు రోజులు, మహా అయితే వారం. లారీ వచ్చిందంటే నేరుగా గుజ్జులోకే.

నా లెక్కల పుస్తకం ఇంకా ఉంది. 2008 జూన్ నెల చెబుతాను. అయిదు ఆదివారాల్లో అరవైరెండు కిలోలు కొన్నాను. కిలో పదిహేను చొప్పున 930 రూపాయలు. ఆటోలకు 340. చెదలు తిన్నవీ, పుటలు లేనివీ, ఎమ్‌సెట్ గైడ్లూ తీసేస్తే అమ్మదగినవి పద్నాలుగు. అమ్ముడుపోయినవి తొమ్మిది. వచ్చింది 2310. ప్యాకింగు, తపాలా 400, సైటు రుసుము 150. మిగిలింది 490. ఆదివారానికి తొంభైఎనిమిది రూపాయలు. మన మిత్రుడి కంట పడింది ఆ తొమ్మిదింట్లో ఒక పుస్తకం, దాని మీద ఇరవైకి నాలుగువందలు. మిగతా అరవై చిల్లర కిలోలు నా వీపు మీద మోసి, మళ్ళీ అదే కొట్టుకు కిలో నాలుగు రూపాయలకు అమ్మినవి ఆయనకు కనపడవు. వాటి తాలూకు డబ్బుతో ఆ నెల టీ ఖర్చు గడిచింది, అందుకే లెక్కలో రాయలేదు.

తర్వాత తర్వాత వెతుకులాట ఇంకా కష్టమైంది. స్మార్ట్‌ఫోన్ రాగానే కొట్టువాడు ధర తానే చూసుకోవడం మొదలుపెట్టాడు. "నెట్ల రెండువేలున్నది సార్, నువ్వు రెండువందలంటవేంది?" అన్నాడొకాయన. ఆయన చూసింది ఎవరో అడుగుతున్న ధర. ఆ ధరకు ఎవరైనా కొన్నారా అన్నది వేరే సంగతి. ఆ రెండువేల పుస్తకం రెండేళ్ళుగా అక్కడే పడి ఉంది. ఈ తేడా ఆయనకు చెప్పి ఒప్పించలేకపోయాను. పుస్తకం ఆయన దగ్గరే ఉండిపోయి, ఒక వానాకాలం తడిసి చెడిపోయింది.

ఆశ పెంచేవాళ్ళు ఊరుకోరు కదా. పాత రెండు రూపాయల నాణెం ఉంటే లక్షలిస్తామన్న ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. ముందు "కమీషన్" కట్టమంటారు, కట్టాక మాయమవుతారు. చివరికి 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇవ్వవలసి వచ్చింది: పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదు, తమ పేరు చెప్పి ఛార్జీలు అడిగితే నమ్మవద్దు అని. అటక మీద లక్షలున్నాయని చెప్పేవాళ్ళందరూ ఆ అమీర్‌పేట బోధకుడికి దగ్గరి చుట్టాలే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఒకసారి జుమ్మేరాత్ బజార్‌లో తాటాకుల కట్ట ఒకటి చూపించారు. అమెరికాలో ఉన్న నా పాత కొనుగోలుదారు ఒకాయన ఎంతకైనా సిద్ధం. కానీ 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం, చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతికి డెబ్బైఅయిదేళ్ళు నిండితే అది పురావస్తువు. లైసెన్సు లేకుండా ఆ వ్యాపారం చెయ్యకూడదు, సొంతంగా దేశం దాటించకూడదు. నేను కొనలేదు. అక్కడితో నా బాధ్యత తీరిందనుకున్నాను. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉందని తెలిసి కూడా ఒక్క ఫోను చెయ్యలేదు. మరుసటి వారం ఆ కట్ట అక్కడ లేదు. రాబందు నేరాల్లో దీన్ని మొదటిదిగా రాసుకోండి.

రెండోది ఇంకా పెద్దది.

2009లో పంజగుట్టలో ఒక కొట్టువాడు కబురు పెట్టాడు. వెళితే, గోనెసంచిలో ముప్ఫైఏడు పుస్తకాలు. ఎక్కువ భాగం మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, రాదుగ, ప్రగతి ప్రచురణాలయాలవి. ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ ముద్రణలూ పోయాయి. వాటితో బాల్యం గడిపిన తరం ఇప్పుడు సంపాదనపరులై వాటిని వెతుక్కుంటోంది. వేలంలో ఇద్దరేం ఖర్మ, అయిదుగురు పోటీపడే సరుకది. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద ఆకుపచ్చ సిరాతో ఒక పేరు, కొన్న తేదీ, ఒక వరుససంఖ్య. అన్నిటికన్నా పెద్ద సంఖ్య 212. అంటే మిగతా నూటడెబ్బై చిల్లర అప్పటికే లారీ ఎక్కాయన్నమాట.

విడివిడిగా అమ్మితే ఎక్కువొస్తుంది. విడివిడిగా అమ్మాను. పంతొమ్మిది చిరునామాలకు పంపాను. నా పన్నెండేళ్ళలో అతిపెద్ద లాభం అదే.

ఏడాది తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. ఆకుపచ్చ సిరా పెద్దాయన బడిపంతులు. రాసినది ఆయన మనవరాలు. ఎక్కడో నేను పెట్టిన ఫొటోలో ఆ చేతిరాత చూసి గుర్తుపట్టిందట. ఒక పుస్తకం తాత రోజూ చదివి వినిపించేవాడట, అదొక్కటైనా దొరుకుతుందా అని అడిగింది. పంతొమ్మిదిమందికీ రాశాను. నలుగురు వెనక్కిచ్చారు, అందులో ఆమె అడిగినది లేదు. అది కొన్నాయన మర్యాదగానే కుదరదన్నాడు. తన కూతురికి ఇప్పుడు తాను చదివి వినిపిస్తున్నానన్నాడు. ఆయనను ఏమనగలను? నా తప్పు ఒప్పుకుంటూ ఆమెకు రాస్తే, జవాబు రెండు ముక్కల్లో వచ్చింది: "మిమ్మల్ని అనేదేముందండీ, కాటా మీద పెట్టింది మేమే. ఇల్లు ఖాళీ చేసే తొందరలో ఎవరూ తెరిచి కూడా చూడలేదు."

మిత్రులారా, ఇప్పుడు రాబందు మాటకు వద్దాం. రాబందు ఎవరినీ చంపదు. చచ్చిన తర్వాత వస్తుంది. మన దేశంలో పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందువల్ల రాబందులు కూలిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేసరికే చాలావరకు అంతరించాయి. రాబందులు పోయిన చోట కళేబరాలు కుళ్ళాయి, ఊరకుక్కలు పెరిగాయి. పాత పుస్తకాల విషయంలోనూ ఇంతే. నేను ఆ కొట్టుకు వెళ్ళకపోతే ఆ ముప్ఫైఏడూ మిగతా నూటడెబ్బై దారినే పోయేవి. అప్పుడు మనవరాలికి నాలుగు కాదు, ఒక్కటీ దక్కేది కాదు. ఈ వాదన నిజం. నేను చించి పంచానన్నదీ నిజమే. మొదటి నిజం చెప్పి రెండోదాన్ని దాచుకోను. అయితే రెండోదాన్ని పట్టుకుని నన్ను తిట్టేవాళ్ళు, బతికున్న బీరువాను కాటా దాకా మోసిందెవరో కూడా చెప్పాలి. మీరు నాలుగువందలని గుండెలు బాదుకుంటున్న ఆ ధరలో పుస్తకం ఖరీదు తక్కువ. మీ ఇంటి నుంచి గుజ్జు మిల్లుకు పోయే దారిలో ఎవరో ఒకరు రోజూ కాపలా కాసిన కూలి ఎక్కువ. మీరే తెరిచి చూసుకుని ఉంటే ఆ కూలి అవసరమే ఉండేది కాదు.

ఆ దారి ఇప్పుడు మరింత ఇరుకైంది. 2017లో ఇబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయింది, 2018 ఆగస్టు 14న మూతపడింది. నేనూ ఆ కాలంలోనే మానేశాను. 2024 డిసెంబరులో తపాలాశాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేసింది. అంతకుముందు కాస్త చవగ్గా కదిలే పుస్తకానికి ఇప్పుడు పార్సిలు ఖర్చే బరువు. పన్నెండేళ్ళు నేను మోసిన మూట ఎత్తుకోవడానికి ఏ కుర్రాడూ ముందుకు రాకపోతే ఆశ్చర్యపడకండి. రాబందులు తగ్గాయని సంబరపడకండి కూడా.

కోరేవి మూడే. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు కాటాకు ముందు ఒక పూట కూర్చుని జాబితా రాయండి. 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్‌బజార్‌లో ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. అన్నీ తీసుకోకపోవచ్చు, అడగడానికి ఖర్చేమీ లేదు. తిరిగి అమ్మేవాళ్ళు, పేరూ వరుససంఖ్యా ఉన్న పుస్తకాలను విడగొట్టే ముందు ఆ ఇంటివాళ్ళ కోసం ఒక్క వారం వెతకండి; నేను వెతకలేదు. కొనేవాళ్ళు, లోపలి అట్ట మీది పాత పేరును చెరపకండి.

ఆకుపచ్చ సిరా పుస్తకం ఒకటి నా దగ్గర మిగిలింది. వరుససంఖ్య 88. వెనకట్ట చిరిగిందని అప్పట్లో ఎవరూ పాడలేదు. మనవరాలికి పంపుతానంటే, "మీ దగ్గరే ఉంచండి, గుర్తుంటుంది" అన్నది. అది దయో శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు. తీర్పు మీరు చెప్పండి.