ఆ నాలుగడుగుల నేలకు మందు కొట్టొద్దు

డాలస్ శివార్లలో మన తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్తే ఈమధ్య కుక్కపిల్లలతో పాటు తాబేళ్ళూ ఎదురొస్తున్నాయి. పిల్లలు అడిగారని తెచ్చినవే ఎక్కువ. ఏం పెడుతున్నారని అడిగితే నాకు దాదాపు ప్రతి ఇంట్లో ఒకటే జవాబు వచ్చింది: "దుకాణంలో మంచి సలాడ్ ఆకు కొని, కడిగి మరీ పెడతామండీ. బయటి పిచ్చిమొక్కలు మూతికి తగలనివ్వం." ప్రేమతో చెప్పే మాటే. కానీ ఆ మాటే తాబేలు ఎముకల్ని తినేస్తోంది. దానికి పెట్టవలసింది ఆ పిచ్చిమొక్కలనే. దొరక్కపోతే విత్తనం వేసి మరీ పెంచి పెట్టాలి.

మా ఇంటికి తాబేలు వచ్చి మూడేళ్ళయింది. ఊరు మారుతున్న ఒక కుటుంబం మా అమ్మాయి చేతిలో పెట్టి వెళ్ళింది. సుల్కాటా జాతి. అప్పటికి పెంకు ఆరంగుళాలు. ఐస్‌బర్గ్ లెట్యూస్, టమాటా, ఆదివారాలు అరటిపండు దాని అలవాటు. మేమూ అదే కొనసాగించాం. కొన్నాళ్ళకు పెంకు అంచు వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోవడం చూసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఏం పెడుతున్నారు?" అనే.

అంకెలు చూడండి. వంద గ్రాముల ఐస్‌బర్గ్ ఆకులో కాల్షియం 18 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 20. టమాటాలో 10, 24. కీరదోసలో 16, 24. తాబేలుకు ఫాస్ఫరస్ కన్నా కాల్షియం కనీసం రెండింతలు ఉండాలి. లేకపోతే శరీరం ఆ లోటును ఎముకల్లోంచి లాక్కుంటుంది. తాబేలు పెంకు ఒంటిమీద తొడిగిన డిప్ప కాదు, ఎముకే. అందుకే అదీ మెత్తబడుతుంది. ఇప్పుడు ఇంటి ముందు పసుపు పువ్వు పూసి, పిల్లలు ఊదితే తెల్లటి బొచ్చు విత్తనాలు ఎగరేసే డాండిలయన్ సంగతి చూడండి. వంద గ్రాముల ఆకులో కాల్షియం 187, ఫాస్ఫరస్ 66. మెక్సికో కూరల దుకాణాల్లో నోపాల్ పేరుతో అమ్మే నాగజెముడు మట్టల్లో 164, 16. లెట్యూస్‌లో తొంభై అయిదు శాతం నీళ్ళే. డాండిలయన్‌లో పీచు దానికి దాదాపు మూడింతలు. మనం డబ్బు పోసి నీళ్ళు కొంటున్నాం, తిండిని డబ్బిచ్చి చంపిస్తున్నాం.

సుల్కాటా పుట్టిల్లు సహారా దక్షిణపు అంచున ఉన్న సాహెల్. అక్కడ అది మేసేది ఎండుగడ్డి, ముళ్ళపొదల ఆకు, చారెడు పచ్చిక. పీచును పేగుల్లో పులియబెట్టుకుని మెల్లగా బలం తీసుకునే కడుపు దానిది. పెద్దదైతే నలభై కిలోలు తూగుతుంది, దశాబ్దాలు బతుకుతుంది. అలాంటి ప్రాణికి పండూ టమాటా పెట్టడమంటే గడ్డి మేసే గేదెకు రోజూ మిఠాయి పెట్టడమే. దుకాణంలో అమ్మే తాబేలు గుళికలూ అంతే. ఏ చలికాలపు రోజో ఆకు దొరకనప్పుడు నానబెట్టి కాసిని పెట్టవచ్చు. రోజువారీ కూడుగా అవి చాలవు.

అయితే తిండి ఒక్కటే సర్వమని నేననను. పెంకు గుట్టలు గుట్టలుగా లేవడానికి మాంసకృత్తులే కారణమని చాలామంది చెబుతారు. 2003లో వియన్నా పరిశోధకులు సుల్కాటా పిల్లల్ని వేర్వేరు పరిస్థితుల్లో పెంచి చూస్తే, అక్కడ పెద్ద తేడా తెచ్చింది మాంసకృత్తుల కన్నా గాలిలో తేమ. ఎండ తగలకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఒంటికి పట్టదు. ఎండా తేమా ఇవ్వకుండా డాండిలయన్ పెట్టి ఊరుకుంటే నష్టపోయేది తాబేలే.

ఇక అసలు అడ్డంకి మన కంట్లో ఉంది. కలుపంటే మురికి, కలుపంటే బద్ధకస్తుడి ఇల్లు అన్న చూపు. దీనికి చరిత్ర ఉంది. ఒకప్పుడు అమెరికాలో లాన్ విత్తనాల మిశ్రమంలో క్లోవర్ కూడా కలిపి అమ్మేవారు. అది గాలిలోని నత్రజనిని నేలకు పట్టి ఇచ్చే మొక్క. 1940ల మధ్యలో 2,4-డి అనే కలుపు మందు బజారుకొచ్చింది. అది గడ్డిని వదిలి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. డాండిలయన్‌తో పాటు క్లోవరూ చచ్చింది. మందు చంపుతోంది కాబట్టి క్లోవర్‌ను కూడా కలుపు జాబితాలో వేశారు. నిన్న విత్తనం కొని వేసుకున్న మొక్క, నేడు శత్రువు. మొక్క మారలేదు, అమ్మే సరుకు మారింది. డాండిలయన్‌ను ఈ ఖండానికి తెచ్చిందీ తిండికీ మందుకీ వాడుకున్న యూరోపియన్లే.

మన లాన్‌లో పరిచిన బెర్ముడా గడ్డి సంగతి ఎందరికి తెలుసో! అది మన గరికే. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రిలో వెతుక్కునే గరిక. ఇక్కడ ఇంటి చుట్టూ అదే పరుచుకుని, దాని మీదే మందు చల్లించి, లోపల తాబేలుకు లెట్యూస్ కొనుక్కొస్తున్నాం. మందు పడని గరిక సుల్కాటాకు పంచభక్ష్య పరమాన్నం. దాని తిండిలో ముప్పాతిక భాగానికి పైగా గడ్డీ ఎండుగడ్డే ఉండాలి. మిగతా పాలు కలుపు ఆకులది.

నాకు ఎదురైన వాదాల్లో గట్టిది మా అమ్మది. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు వేరుశనగ చేలల్లో తొలిక పట్టి కలుపు తీసీ తీసీ నడుము పట్టేసిన మనిషి. ఆర్నెల్లు మా దగ్గర ఉందామని వచ్చి, నేను పెరట్లో చేస్తున్న పని చూసి నిలబడిపోయింది. "ఏందిరా ఇది, కలుపుకు నీళ్ళు పోస్తాండావు? ఎవరన్నా చూస్తే నవ్వరా?" అంది. ఆ మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. రెండు వానలకు పండాల్సిన చేనులో కలుపు తాగే ప్రతి చుక్కా కాయకు దక్కని చుక్కే. ఆ బాధ తెలిసిన చేతికి కలుపు మీద కోపం న్యాయమే. కానీ కలుపు అనేది మొక్క పేరు కాదు కదా. పంటను బట్టి పెట్టిన పేరు. గోధుమ చేలో మొలిచిన శనగ కూడా కలుపే. మా పెరట్లో పంట ఏది? లాన్‌ను ఎవరూ తినరు. తినేవాడు ఆ తాబేలు ఒక్కడే.

రెండు రోజుల తర్వాత అమ్మే నేను కలుపు పెంచుతున్న తొట్టి దగ్గర కూర్చుని ఎర్రకాడల ముద్దాకు ఒకటి తుంచింది. "ఇది పాయలాకు గదరా. కలుపుకు పోతే దీన్ని మాత్రం ఒడి నింపుకొచ్చేటోళ్ళం, పప్పులోకి" అంది. నిజానికి కలుపు తీసే ఆడవాళ్ళెవరూ అంతా ఒకే కుప్ప వెయ్యలేదు. కొంత గట్టు మీదికి, కొంత గేదెకు, కొంత ఇంటికి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులు ఈ సాగు చేయని ఆకుకూరల విలువను ఏళ్ళ తరబడి చాటి చెప్పారు. ఏరుకునే ఆ జ్ఞానం మన ఇళ్ళలోనే ఉంది. అమెరికా వచ్చి మనం దాన్ని పారేసుకున్నాం.

ఆకు కావాలంటే పార్కులో పీక్కురావచ్చు కదా, పెంచడమెందుకు అంటారు కొందరు. పార్కు పచ్చిక మీద ఏ మందు ఎప్పుడు పడిందో మీకెలా తెలుస్తుంది? పక్కింటి లాన్‌కు చల్లే ఎరువులోనే కలుపు మందు కలిసి ఉండవచ్చు. నమ్మకమైన ఆకు మన చేత్తో మొలిచినదే.

పని పెద్దదేం కాదు. వెడల్పు తొట్లు మూడు పెట్టాను. డాండిలయన్, చికోరీ, తుంచితే పాలు కారే సౌ థిసిల్, నేలకు అంటుకుని గట్టి ఈనెల ఆకులేసే ప్లాంటెన్ (మన అరటి కాదు) విత్తనాలు సెప్టెంబరు చివర చల్లుతాను. టెక్సాస్ వేసవికి ఇవి తట్టుకోవు, చల్లదనంలో ఏపుగా వస్తాయి. ఒక తొట్టి కోస్తుంటే మిగతా రెండూ తేరుకుంటాయి. డాండిలయన్‌కు లోతైన వేరు కాబట్టి ఆకు కోసినా మళ్ళీ చిగురిస్తుంది. వేసవిలో గరిక, నాగజెముడు, మందార ఆకూ పువ్వూ, పాయలాకు. పాయలాకులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, కాల్షియాన్ని పట్టేస్తుంది. అందుకని అది వారానికి ఒకటి రెండు సార్లే. క్లోవరూ కొంచెమే.

విత్తనాలు గాలికి ఎగిరి వీధంతా పాకుతాయని మా ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నుంచి ఉత్తరం వచ్చింది. ఆ భయంలో కొంత నిజముంది. అందుకే పువ్వు విచ్చిన రోజే కోసి తాబేలుకు పెట్టేస్తాను. పువ్వంటే దానికి ప్రాణం. తొట్లను వీధికి కనపడకుండా వెనక పెరట్లోకి మార్చాను. ఆ తర్వాత ఉత్తరం రాలేదు.

కలుపంతా మంచిదేనని మాత్రం అనుకోవద్దు. పూజకని పెంచుకునే గన్నేరు విషం. ఉమ్మెత్తా అంతే. తాబేలు తిరిగే పెరట్లో ఈ రెండూ ఉండకూడదు. ఊరినుంచి విత్తనాలు మూట కట్టుకు రావద్దు. మన పొలం గట్లమీద ఎటు చూసినా ఉండే గడ్డిచేమంతి అమెరికా ఫెడరల్ నిషిద్ధ కలుపుల జాబితాలో ఉంది.

ఆంధ్రలో, తెలంగాణలో ఉన్నవాళ్ళు దీన్ని చదివి నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చుకునే ఆలోచన చేయొద్దని వేడుకుంటున్నాను. దాన్ని పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలోనూ అత్యంత కఠినమైన జాబితాలో చేర్చారు. ఇంట్లో ఉంటే అదృష్టమన్న నమ్మకంతో దొంగచాటుగా కొనేవాళ్ళున్నంత కాలం రాయలసీమ చిట్టడవుల నుంచి వాటిని సంచుల్లో కుక్కి తరలిస్తూనే ఉంటారు. దాని కలుపు తోట అక్కడే ఉంది.

చట్టబద్ధంగా తాబేలును తెచ్చుకున్నవారికి ఒక్కటే విన్నపం. ఈసారి లాన్ మనిషి వచ్చినప్పుడు వెనక పెరట్లో నాలుగడుగుల చోటు చూపించి, ఇక్కడ మందు కొట్టొద్దని చెప్పండి. సెప్టెంబరులో గుప్పెడు డాండిలయన్ విత్తనం చల్లండి. మా తాబేలు పెంకు ఇప్పుడు పదమూడంగుళాలు. అంచు నొక్కితే గట్టిగా ఉంది.