విడి నూనె, చట్టం, మన గానుగ

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. క్యాను పట్టుకుని సరిహద్దు దాటి, కళ్లెదుట ఆడించిన వేరుశనగ నూనె తెచ్చుకోవడం మా ఇళ్లలో పాత అలవాటు. లైసెన్సు లేదని ఎవరో బెదిరించారంటూ ఇటీవల ఒక గానుగ యజమాని నాతో వాపోయాడు. "మన కాయ, మన నూనె. మధ్యలో చట్టమెందుకు సార్?" అన్నది ఆయన ప్రశ్న.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5న అమలులోకి వచ్చింది. రైతుకు, పొలంలో పండిన పంటకు అది వర్తించదని 18వ సెక్షను చెబుతోంది. కనుక కళ్లం దగ్గర కాయలు కొనుక్కోవచ్చు. కాయ నూనెగా మారి అమ్మకానికి వస్తే మాత్రం అది ఆహార వ్యాపారమే. అయినా ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు టర్నోవరు గలవారికి లైసెన్సు అక్కరలేదనీ, 100 రూపాయల రుసుముతో రిజిస్ట్రేషను చాలుననీ 2011 నిబంధనలే వెసులుబాటు ఇచ్చాయి. బెదిరించినవారు ఈ మాట చెప్పలేదు.

అసలు చిక్కు విడి నూనె దగ్గర ఉంది. ప్యాకింగు, లేబులు లేకుండా నూనె అమ్మరాదు. చట్టం కేంద్రానిది కనుక ఇటూ అటూ ఒకటే. కొంతకాలానికి మినహాయింపు ఇచ్చే అధికారం మాత్రం ఏ రాష్ట్రానికా రాష్ట్రానిది. ఈ నిషేధం ఊరకే పుట్టలేదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడం వల్ల వాపు జబ్బు వ్యాపించి 60 మందికి పైగా మరణించారు. ఆ ఏడాదే కేంద్రం ప్యాకింగు ఉత్తర్వు తెచ్చింది.

ఢిల్లీలో కొన్నవారికి ఆ నూనె ఎవరు ఆడించారో తెలియదు, మనకు తెలుసు. ఈ తేడాను చట్టం పట్టించుకోలేదన్న గానుగవారి ఆవేదనలో న్యాయముంది. అయితే పరిచయం కాపాడలేని కీడు ఒకటుంది. తడిసిన కాయకు పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయ క్యాన్సరుకు కారకం. వంట వేడికి సులభంగా పోదు. మిల్లులలో నూనెను శుద్ధి చేసేటప్పుడు అది చాలావరకు తొలగిపోతుంది. గానుగలో ఆ దశ లేదు. కళ్లెదుట ఆడించినా ఆ విషం కంటికి కనబడదు, ఆడించేవానికీ కనబడదు. అందుకే కోత వేళ వాన పడిన ఏడాది ముడుచుకున్న, రంగు మారిన, బూజు వాసన వేసే గింజలను ఏరిపారేయకుండా గానుగకు పంపరాదు. ఈ పని మా ఇంట ముసలివాళ్లు చేటలో చేసేవారు, రుచి కోసమని!

40వ సెక్షను ప్రకారం సాధారణ కొనుగోలుదారు కూడా రుసుము చెల్లించి నూనెను ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. లోపం తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. కానీ పరీక్షకు పంపే సంగతి కొనేటప్పుడే అమ్మేవానికి చెప్పాలి. తరతరాలుగా మామా అని పిలిచే మనిషి ముఖాన ఆ మాట ఎవరనగలరు? కోతలు కాగానే ఊరివారంతా కలిసి అన్ని గానుగల నూనెనూ ఒకేసారి పరీక్షకు పంపితే, ఒక్కరిని అనుమానించినట్లు ఉండదు.

గానుగ యజమానికి ఇదంతా వివరించాను. రిజిస్ట్రేషనుకు ఈ వారమే దరఖాస్తు చేస్తానన్నాడు. పరీక్ష సంగతి మాత్రం, మిగతా గానుగలవాళ్లు ఏమంటారో కనుక్కుని చెబుతానన్నాడు.