అమ్మ ఫొటో నకిలీ అట!

"ఫోన్‌లో తీసిన ఫొటోని డార్క్‌రూమ్‌లో ప్రింటు వేస్తావా? ఒట్టి నకిలీరా అది!" అన్నాడు ఫిల్మ్ తప్ప మరోటి ముట్టని మిత్రుడొకడు. నాకు మింగుడు పడలేదు.

నేను చేసేది ఇదీ. ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా తిప్పి, ఓహెచ్‌పీ షీటు మీద ఇంక్‌జెట్‌తో ప్రింటు తీస్తాను. అదే నా నెగెటివ్. ఎర్రలైటు వెలుతురులో దాన్ని బ్రోమైడ్ పేపరు మీద పరిచి, పైన గాజుపలక పెట్టి, కొన్ని సెకన్లు తెల్లలైటు వేస్తాను. ఆపైన డెవలపర్, స్టాప్ బాత్, ఫిక్సర్, చివర్న నీళ్ళు. మొదటిసారి షీటు మీద ఇంకు పల్చగా పడింది. వెలుతురు ఆగక అమ్మ నెరిసిన జుట్టు కాస్తా నల్లగా వచ్చింది. (చూసుంటే మురిసిపోయేది.)

ఇందులో నకిలీ ఎక్కడుంది? 1843లో ఆనా ఆట్కిన్స్ సముద్రపు నాచుని నేరుగా సయనోటైపు కాగితం మీద పెట్టి, ఎండ తగిలించి, ఆ ముద్రలతో పుస్తకమే వేయడం మొదలుపెట్టింది. అసలు కెమెరానే వాడలేదు! ఫొటోగ్రఫీ చరిత్ర ఆవిడని వెళ్ళగొట్టిందా? లేదే. మరి కెమెరా లేకపోయినా ఒప్పుకున్నవాళ్ళకి, ఆ కెమెరా ఫోన్‌లో ఉంటే వచ్చిన ఇబ్బందేమిటి?

ఇంకో ముక్క. మా వాడు ఫిల్మ్ కడిగి, స్కాన్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాడు. కాగితం మొహం చూడని ఆ ఫొటో అసలూ, నా చేతులకి ఫిక్సర్ కంపు అంటించిన ఈ ప్రింటు నకిలీనా?

అమ్మ పోయాక వెతికితే, చివరి ఏళ్ళలో ఫిల్మ్ మీద తీసినది ఒక్కటీ లేదు. వంటింటి గుమ్మంలో ఫోన్‌తో తీసిన ఈ ఒక్కటే ఉంది. ఫిల్మ్ కెమెరా పట్టుకుని ఇప్పుడు ఎక్కడికి వెళ్ళమంటాడు?