ఏ గూట్లో పెట్టాలి?

శ్రీనాథుడి భీమేశ్వర పురాణం గ్రంథాలయంలో యే బీరువాలో వుండాలి? పేరులోనే పురాణమని వున్నది గనుక పురాణాల్లో పెట్టమంటారు ఒకరు. పేరుకు పురాణమే గాని చదివితే కావ్యం, కావ్యాల సరసన పెట్టమంటారు ఇంకొకరు. అది ద్రాక్షారామ భీమేశ్వరుని కథ, స్థల పురాణాల్లో వుంటేనే యాత్రికుడికి దొరుకుతుందంటారు మా వూరివారు. ముగ్గురి మాటా నిజమే. కాని పుస్తకం ఒక్కటి. అది ఒకేసారి మూడు బీరువాల్లో కూర్చోలేదు. అందుచేత తెలిసిన గ్రంథపాలకుడు దాన్ని ఒకచోట పెట్టి, తక్కిన రెండు చోట్లా ‘ఫలానా చోట చూడుడు’ అని ఒక్కొక్క కార్డు రాసి వుంచుతాడు. మన నిఘంటువుల్లో ‘చూ.’ అనే చిన్న గుర్తు చేసే పని యిదే.

ఇది గ్రంథాలయాల వారి గొడవ, మనకెందుకంటారా? వస్తువును గూట్లో పెట్టేవాడు యెక్కడ నిలబడి చూస్తున్నాడనే దానిమీద చాలా సంగతులు ఆధారపడి వుంటాయి. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో తన దశాంశ పద్ధతిని ప్రకటించాడు. సాహిత్యానికి 800 మొదలు అంకెలు కేటాయించి, ఇంగ్లీషు, జర్మను, ఫ్రెంచి మొదలైన భాషలకు తలా ఒక పది ఇచ్చుకుంటూ వచ్చాడు. మిగిలిన ప్రపంచమంతా 890లో పడింది. దాని పేరు ‘ఇతర భాషలు’. చైనీసూ అక్కడే, అరబ్బీ అక్కడే, తమిళమూ తెలుగూ అక్కడే. ఇటీవలి ముద్రణల్లో తెలుగు సాహిత్యం అంకె 894.827. నన్నయగారు మొదలు నేటి కథకుల వరకు అందరూ ఆ చుక్కకు కుడివైపున సర్దుకోవలసినవారే! డ్యూయీగారికి మనమీద కోపమేమీ లేదు. ఆయన కూర్చున్న చోటునుంచి మనం అంత దూరంలో కనిపించాం, అంతే. 1933లో మన రంగనాథన్‌గారు మద్రాసులో కోలన్ పద్ధతిని తెచ్చి, ఒక గ్రంథాన్ని అనేక ముఖాలనుంచి చూడవచ్చునని చూపించారు.

పుస్తకాలకు వచ్చిన చిక్కే తర్వాత వెబ్‌సైట్లకూ వచ్చింది. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు తమకు నచ్చిన సైట్లను వరుసగా రాసిపెట్టుకోవడం మొదలుపెట్టారు. అదే యాహూ డైరెక్టరీ అయింది. 1998లో రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ అనేవారు జీతంలేని సంపాదకులతో ఇంకొక డైరెక్టరీని ఆరంభించారు. అది ఆ యేడే నెట్‌స్కేప్ కంపెనీ చేతికి వచ్చి, డీమోజ్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. యంత్రంకంటె మనిషే ఈ పని బాగా చేస్తాడని వారి నమ్మకం. అది మూతపడే నాటికి 38 లక్షలకు పైగా సైట్లు, 10 లక్షలకు మించిన వర్గాలు అందులో వున్నాయి. ఇన్నేళ్ళలోనూ 90 వేలకు పైబడిన సంపాదకులు అందులో చెయ్యి వేశారు.

అంత పెద్ద చెట్టులో ఒక ఆకు తప్పుకొమ్మకు అతుక్కోవడంలో వింతలేదు. మరి దాన్ని సరిచేయడం యెట్లా జరిగేది? సైటు అప్పటికి యే వర్గంలో వున్నదో ఆ పేజీకి వెళ్ళి, మార్పు కోరే ఫారం నింపి పంపవలసి వుండేది. ఆ వర్గం సంపాదకుడు సైటును స్వయంగా తెరిచి చూసేవాడు. కోరిన వర్గంమీద అతనికి అధికారం వుంటే తానే మార్చేవాడు. లేకపోతే ఆ వర్గంవారి ముందు యెదురుచూస్తున్న కాగితాల దొంతరలో పెట్టేవాడు. అక్కడివారు మళ్ళీ చూసేవారు. ఫలానా తేదీకి అయిపోతుందని యెవరూ మాట ఇచ్చేవారు కాదు. వాళ్ళకు జీతమా, బత్తెమా? మళ్ళీ మళ్ళీ ఫారాలు పంపినందువల్ల పని త్వరపడేది కాదు, దొంతర పెరిగేది.

మార్పు కోరేవారిలో రెండు రకాలవారు వుంటారు. మా వూరినే తీసుకుని ఊహించండి. శాసనాల పాఠాలను శ్రమపడి ఎక్కించిన సైటు ఒకటి ‘పర్యాటకం’ కింద పడిందనుకోండి. దాన్ని ‘చరిత్ర’లోకి మార్చమని అడగడం న్యాయమే. ఎందుచేతనంటే, చాళుక్యుల శాసనం కావలసినవాడు పర్యాటకంలో వెతకడు. ఇక యాత్రికులకు గదులు అద్దెకిచ్చే ఆసామీ ఒకాయన, తన సైటును ‘వసతి’లోంచి తీసి ‘దేవాలయాలు’లో, అందులోనూ పై వరుసలో పెట్టమన్నాడనుకోండి. ఆయన గది కిటికీలోంచి గోపురం కనిపిస్తే కనిపించవచ్చును. అంతమాత్రాన గది గుడి కాదు. యజమానికి యెక్కడ వుండాలని వున్నదనేది కాదు ప్రశ్న. కావలసినవాడు యెక్కడ వెతుకుతాడనేదే.

ఈ పేచీ ముదరడానికి కారణం కూడా వుంది. 2000 నుంచి 2011 దాకా గూగుల్ నడిపిన డైరెక్టరీకి ఈ డీమోజ్ జాబితాయే ఆధారం. ఇక్కడ మంచి చోటు దొరికితే లోకమంతా కనిపించినట్లే. ఆ ఆశతో వ్యాపారులు యెగబడ్డారు. కొందరు సంపాదకులు తమవారికి తలుపు తీసి, పోటీవారికి గడియ వేస్తారనే ఆరోపణలూ వచ్చాయి. వర్గం పేరు చిన్నదే గాని, దానిని మార్చగల చెయ్యి చిన్నది కాదు.

సైట్ల మాట అట్లా వుంచి, వూరి మాట చూడండి. ద్రాక్షారామం వున్నచోటునుంచి అంగుళం కదలలేదు. అయినా దాని వర్గం యెన్నిసార్లు మారిందో! ఒకప్పుడు రాజమహేంద్రవరం జిల్లా. 1859లో గోదావరి జిల్లా. 1925లో తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లా. చిన్నప్పటినుంచీ మనం విన్న కోనసీమ గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న లంక. ద్రాక్షారామం గౌతమికి ఇవతలి గట్టున వుంది. జిల్లా పేరు గోదావరిని దాటి వచ్చింది గాని వూరు దాటలేదు. దీనికి తోడు పేరులో కూడా రెండు దారులు: కొందరు ద్రాక్షారామమంటారు, కొందరు దాక్షారామమంటారు. అకారాది పట్టికలో ఈ రెండూ వేరువేరు చోట్ల పడతాయి.

ఇప్పుడొక సంగతి ఆలోచించండి. డల్లాసులోనో మెల్‌బోర్నులోనో పెరిగిన కుర్రవాడికి నాయనమ్మ చెప్పిన మాట ఒక్కటే గుర్తు: ‘మనది తూర్పు గోదావరి’. ఇంట్లో వున్న పాత దస్తావేజులోనూ ఆ మాటే వుంటుంది. కొత్త వర్గం వచ్చిందని పాతదాన్ని తుడిచిపెట్టేస్తే ఆ కుర్రవాడు ఖాళీ గూటి దగ్గరికి వచ్చి నిలబడతాడు. మార్చవద్దని నేననడం లేదు. జిల్లా మారినప్పుడు వర్గం మారవలసిందే. లేకుంటే రేపు కొత్త పేరుతో వెతికేవాడు మోసపోతాడు. కాని పాత గూట్లో ‘చూ.’ అని ఒక చీటీ వుంచడం మరువరాదు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఈ సదుపాయం వుంది. అక్కడ ఒక పేజీని అనేక వర్గాల్లో చేర్చవచ్చు. పాత పేరునుంచి కొత్త పేరుకు దారి చూపవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో చరిత్రలో నిలిచివుంటుంది. ఈ పని చేసేవారూ జీతంలేనివారే. మీ వూరి పేజీలో వర్గం తప్పని తోస్తే చిరాకుపడి వూరుకోకండి. మీరే మార్చండి, యెందుకు మార్చారో ఒక్క వాక్యం రాయండి. తర్వాత వచ్చేవాడికి ఆ వాక్యమే సాక్ష్యం.

యాహూ డైరెక్టరీ 2014 చివర మూతపడింది. డీమోజ్ 2017 మార్చిలో ఆగిపోయింది. అందులో పనిచేసినవారు కొందరు కర్లీ అనే పేరుతో ఆ పనిని కొనసాగించారు. ఇప్పుడు ఒక మాట కొడితే యంత్రం వెతికి ఇస్తున్నది గదా, ఇక గూళ్ళెందుకు అనేవారున్నారు. తనకు కావలసినదాని పేరు తెలిసినవాడికి యంత్రం చాలు. పేరు తెలియనివాడు మాత్రం గూళ్ళ వెంబడి నడవవలసిందే. భీమేశ్వర పురాణమనే గ్రంథం ఒకటున్నదని యెరుగని పిల్లవాడు దాని పేరు కొట్టి యెట్లా వెతుకుతాడు? కావ్యాల బీరువా ముందు తిరుగుతుంటేనే గదా అది చేతికి తగిలేది!