రవిక మీద మరకను దాచొద్దు

కొల్లేటి చేపల చెరువుల మీద పనికి పోయే ఆడకూలీలు, తాడేపల్లిగూడెం చేలల్లో నాట్లేసే మన అక్కచెల్లెళ్లు నడుం నొప్పి చెప్పుకుంటారు, జ్వరం చెప్పుకుంటారు. చనుమొన నుంచి రసి కారుతుంటే మాత్రం కన్నతల్లికి కూడా చెప్పరు. చెబితే ఏమంటారోనని సిగ్గు. ఆసుపత్రికి పోతే ఆ రోజు కూలి పోతుందని భయం.

ముందు ధైర్యం చెబుతున్నాం. రసి కారినంత మాత్రాన కేన్సరు కాదు, చాలామందికి కాదు. కడుపుతో ఉన్నప్పుడు వస్తుంది. బిడ్డ పాలు మానేశాక కూడా కొన్ని నెలలు రావచ్చు. వాంతులకీ, మనోవ్యాధికీ వాడే కొన్ని మందుల వల్ల, థైరాయిడ్ లోపం వల్ల కూడా పాలలాంటిది వస్తుంది. రెండు వైపులా, పిండితేనే వస్తుంటే చాలావరకు ప్రమాదం ఉండదు. పిండి పిండి చూసుకోవడం మానాలి. అయినా ఒకసారి డాక్టరుకి చెప్పాలి.

మరి ఎప్పుడు ఆగకూడదు? పిండకుండా దానంతటదే కారినప్పుడు. ఒక్క రొమ్ము నుంచే వచ్చినప్పుడు. నెత్తురో, నీళ్లలాంటిదో పడినప్పుడు. గడ్డ తగిలినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, దాని మీద పుండు పడినా, చర్మం సొట్టపోయినా ఆ వారంలోనే ఏలూరు పెద్దాసుపత్రికో, గూడెం ఏరియా ఆసుపత్రికో పోవాలి. మగవాళ్లకి రసి వచ్చినా అంతే. చీము, ఎరుపు, జ్వరం ఉంటే ఆ రోజే పోవాలి. నెత్తురు పడినా చాలాసార్లు అది పాలనాళంలో పెరిగిన మామూలు కాయే. కానీ ఆ సంగతి తేల్చేది స్కానింగు, మామోగ్రఫీ పరీక్షలు. ఆకుపసరు తేల్చదు.

ఇది ఆడోళ్ల సంగతని సంఘంలో మగవాళ్లు తప్పుకోవద్దు. 1928లోనే బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో ఆడకూలీల ప్రసూతి బిల్లును బలపరిచారు. ఆడమనిషి ఒంటి సంగతీ కూలి సంగతీ ఒకటేనని ఆయనకు తెలుసు. మనకెందుకు తెలియకూడదు?

30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి రొమ్ము పరీక్ష చెయ్యాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మన పేటకొచ్చి చేశారా అని ఏఎన్ఎంనీ, ఆశానీ అడుగుదాం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడిచే పథకంలో కేన్సరు వైద్యం ఉంది. అది దయ కాదు, మన హక్కు. ఆసుపత్రికి పోయే అక్కకి తోడు ఒక మనిషినీ, బస్సు చార్జీనీ సంఘం చూడాలి. ఈ మాట వచ్చే పేట మీటింగులో చదివి వినిపించండి.