ఒంటరి పేకాట

పేకముక్కలనగానే పెద్దలకు జూదము స్ఫురించును. ఆ భయము నిష్కారణము కాదు; పందెములలో పొలములు పోగొట్టుకొన్న సంసారములు మన పల్లెలకు క్రొత్త కాదు. అయినను దోషము పందెమునదే కాని ముక్కలది కాదని మా అభిప్రాయము. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) స్వయముగా పేకాటలు కల్పించి 'శ్రీతత్త్వనిధి'లో వానికి చోటిచ్చెను.

ఎదిరియే లేని ఆటలో పందెమెవ్వరితో? దాని పద్ధతి యిది. 52 ముక్కలు కలిపి, 1 మొదలు 7 వరకు ముక్కలుగల ఏడు వరుసలు పేర్చవలెను. అవి 28. ప్రతి వరుసలో పైముక్క మాత్రమే తెరచియుండవలెను. మిగిలిన 24 కట్టగానుంచి, మూడేసి త్రిప్పుచు పైదానిని వాడవలెను. కట్ట ముగిసిన మరల త్రిప్పవచ్చును. వరుసలలో ఎరుపుపై నలుపు, నలుపుపై ఎరుపు, అంకె తగ్గించుచు చేర్చవలెను. ఖాళీయైన చోట రాజునే ఉంచవలెను. ఆసులను వేరుగా నుంచి, ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను జాతులను రాజు వరకు పెంచిన గెలుపు. కన్నడమున పేకనంతటిని 'ఇస్పీటు' అందురు. మనకది ఒక జాతి మాత్రమే.

ముక్కలన్నియు తెలిసి ఆడినను నూటికి సుమారు 18 ఆటలు గెలువ శక్యము కానివని గణితజ్ఞులు లెక్కించిరి. కావున ప్రతి ఓటమియు మన తప్పు కాదు. కాని బోర్లనున్న ముక్కను తొంగిచూచుట మన తప్పే. అడుగువారు లేనిచోట దానిని మానగల విద్యార్థి, పరీక్షలో ప్రక్కవాని కాగితము చూడడని మేము నమ్ముచున్నాము.

పెద్దలారా, పాఠములు ముగిసిన పిదప అరగంట ఈ ఆటకు అనుమతింపుడు. విద్యార్థులారా, ఓడిన ఓడితిమనుకొని ముక్కలు మరల కలుపుడు.