కవ్వాల్‌లో చీకటిని కాపాడుకుందాం

కార్తీకమాసంలో చంద్రుడు లేని రాత్రి ఆదిలాబాద్ అడవుల మీద ఆండ్రోమెడా గెలాక్సీ మామూలు కంటికే మసక మచ్చలా కనిపిస్తుంది. చిన్న టెలిస్కోపులో చూస్తే దాని పక్కనే ఎం32 అనే చిట్టి తోడు గెలాక్సీ గుండ్రంగా కనబడుతుంది. సుమారు 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన ఆ వెలుగు తీరా కరీంనగర్ దాకా వచ్చి వీధిదీపాల కాంతిలో కలిసిపోతోంది. ఇది మన పిల్లలకు నిజమైన నష్టం. పొరుగున మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం 2024లో దేశంలోనే తొలి డార్క్ స్కై పార్కుగా (రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే ప్రాంతంగా) గుర్తింపు పొందింది. 2012లో టైగర్ రిజర్వ్ అయిన ఆదిలాబాద్ అడవుల్లోని కవ్వాల్ కూడా అందుకు పూనుకోవాలి.

దీపాలు తగ్గిస్తే రాత్రిపూట ఆడవాళ్లకు, రైతులకు భద్రత ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే పెంచ్ చుట్టుపక్కల ఊళ్లను చీకట్లో ఉంచలేదు. ఆకాశం వైపున్న దీపాలను మార్చి వెలుగు నేల మీదే పడేలా చేశారు. కవ్వాల్ పరిసరాల్లోని జన్నారం, ఉట్నూరులో కొత్త దీపాలు బిగించేటప్పుడే ఆ పని మొదలుపెట్టవచ్చు.